శారద నవలలు రచయిత్రుల బీరువాలో ఎందుకున్నాయి? కలం పేర్లు, కష్టాలు, అట్ట మీది పేరు

చిత్తడినేల
నేను వెళ్లే గ్రంథాలయంలో శారద నవలల సంపుటిని రచయిత్రుల బీరువాలో సర్దారు. "శారద అంటే ఎస్. నటరాజన్ అండీ, మగవారు" అని చెబితే అక్కడి ఉద్యోగి అట్ట తిప్పి చూసి, "ఇక్కడ అలా లేదే" అన్నారు. ఆయనను తప్పు పట్టలేను. కానీ మనసు చివుక్కుమంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. నటరాజన్ 1924లో పుదుక్కోట్టైలో పుట్టిన తమిళుడు. 1937లో తెనాలి చేరేనాటికి తెలుగు అక్షరం రాదు. హోటళ్లలో పని చేసుకుంటూ నేర్చుకున్నారు. 1946లో మొదటి కథ అచ్చయింది. 1955లో, ముప్పై ఒక్కటో ఏట పోయారు. మధ్యలో ఉన్నది తొమ్మిదేళ్లు. అందులోనే అన్ని కథలు, 'ఏది సత్యం', 'మంచీ చెడూ', 'అపస్వరాలు' నవలలు.

ఇంత చేసిన మనిషి ఎవరో కూడా పాఠకులకు తెలియకపోతే ఎలా? అట్ట మీద కలం పేరుతో పాటు అసలు పేరు కూడా వేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదారిగట్టు
నేను ఒప్పుకోను. శారద అన్న పేరు ఆయన కోరి పెట్టుకున్నది. రచయిత బతికుండగా ఏ పేరుతో పాఠకుల ముందుకు వచ్చాడో ఆ పేరే అట్ట మీద ఉండాలి. అసలు పేరు, ఫొటో, జీవిత విశేషాలు లోపలి పేజీల్లో వేసుకోవచ్చు. శ్రీశ్రీ పుస్తకం మీద శ్రీరంగం శ్రీనివాసరావు అని వేయమని ఎవరైనా అడిగారా?

మూడోబెంచీ
శ్రీశ్రీ సంగతి వేరు కదా. ఆ పేరు వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు. శారద విషయంలో తెలియకపోవడం వల్లే ఈ చిక్కంతా.

పాతపేజీ
మూడోబెంచీ గారి మాటే నాదీ. ఆరుద్ర అంటే భాగవతుల శంకరశాస్త్రి అని, ఆత్రేయ అంటే కిళాంబి వెంకట నరసింహాచార్యులు అని తెలియకపోయినా వచ్చిన నష్టం లేదు. ఒకరిది నక్షత్రం, ఇంకొకరిది గోత్రం. ముద్దుగా పెట్టుకున్నారు, మనమూ ముద్దుగా పిలుచుకున్నాం. మగవాడు ఆడపేరు పెట్టుకున్నప్పుడు మాత్రం బీరువా మారిపోతుంది, పరిశోధన మారిపోతుంది. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు భార్య పేరుతో, 'పురాణం సీత'గా 'ఇల్లాలి ముచ్చట్లు' రాశారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వాటికి ఉన్న ఆదరణ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రేపు ఎవరైనా స్త్రీల కాలమ్‌ల మీద సిద్ధాంత వ్యాసం రాస్తే ఆయనను ఎక్కడ పెడతారు?

మల్లెపందిరి
ఈ ఆడపేర్ల సంగతి వచ్చింది కాబట్టి రెండో వైపు నుంచి ఒక మాట. నేను పాతికేళ్లుగా కలం పేరుతో కథలు రాస్తున్నాను. పెళ్లైన కొత్తలో నా మొదటి కథ పత్రికలో వచ్చినప్పుడు అత్తగారింట్లో ఎవరూ ఏమీ అనలేదు. కానీ అందులోని తోడికోడలు పాత్ర ఎవరిని ఉద్దేశించిందో అని ఒక పూటంతా చర్చ జరిగింది. ఆ తర్వాత ఏ పాత్ర రాద్దామన్నా ఇంట్లో ఉన్న ఒక ముఖం అడ్డొచ్చేది. పేరు మార్చుకున్నాక చేయి విప్పుకుంది. అది దాక్కోవడం కాదు. నా గది తలుపు నేను వేసుకోవడం. కాబట్టి ఎవరో పుణ్యాత్ముడు నేను పోయాక నా అసలు పేరు అట్ట మీద అచ్చు వేస్తే నాకు ఇష్టం ఉండదు. గోదారిగట్టు గారి వైపే నేను.

చిత్తడినేల
మల్లెపందిరి గారూ, మీ విషయంలో మీ మాటే చెల్లాలి, అందులో రెండో ఆలోచన లేదు. కానీ నటరాజన్ గారు తెనాలిలో దాక్కుని రాయలేదు కదా. చేతిరాత పత్రిక నడిపారు, స్నేహితులతో సాహిత్య చర్చలు చేశారు. ఆయనెవరో అక్కడ అందరికీ తెలుసు. తెలియనిది మనకే.

కందిచేను
కలం పేరు వెనక ఉన్న అవసరం ఒక్కొక్కరిది ఒక్కో రకం. నిజాం కాలంలో గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు మారుపేర్లతో కూడా రాశారు. సంపాదకుడే పత్రికలో సగం నింపాల్సిన రోజులు, పైగా పాలకుల కన్ను. అక్కడ పేరు ఒక కవచం.

1965 నాటి దిగంబర కవులది పూర్తిగా వేరే సంగతి. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు, మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యారు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు. జ్వాలాముఖి, భైరవయ్య, మహాస్వప్న కూడా పెట్టుకున్న పేర్లే. అసలు పేర్లు చూడండి, సగం కులం చెప్పేస్తాయి. ఆ తోకను కోసేయడమే వాళ్ల ఉద్దేశం. మొదటి సంపుటిని హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడితో ఆవిష్కరింపజేశారు. ఇప్పుడు వాళ్ల పుస్తకాల మీద అసలు పేర్లు వేస్తే వాళ్లు కోసేసిన తోకను మళ్లీ అతికించినట్టే.

గోదారిగట్టు
కందిచేను గారు నా వాదాన్ని నాకంటే బాగా చెప్పారు. ఇక నేను పక్కన కూర్చుని వింటాను.

మూడోబెంచీ
ఆలూరి బైరాగి కూడా అలా పెట్టుకున్న పేరేనా? కవిత్వానికి తగ్గట్టు భలే కుదిరింది.

పాతపేజీ
కాదు, బైరాగి తల్లిదండ్రులు పెట్టిన పేరే. ఆయనదీ తెనాలే, ఐతానగర్. బడి చదువు పెద్దగా లేకుండానే హిందీలో, తెలుగులో కవిత్వం రాశారు. 1978లో పోయారు. 'ఆగమగీతి'కి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1984లో వచ్చింది, ఆయన చూడలేదు. అదే ఐతానగర్ నుంచి వచ్చిన చక్రపాణి గారిది మాత్రం కలం పేరు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకున్నారు. శరత్ నవలలు మన ఇళ్లలోకి వచ్చింది ఆ చలవతోనే. ఆస్పత్రి మంచం మీద రోజులు లెక్కపెట్టుకోకుండా కొత్త భాష నేర్చుకున్న మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

రుబ్బురోలు
మా నాన్న చిన్నప్పటి నుంచి హోటల్లోనే పని చేశారు. మొదట క్లీనర్, తర్వాత సర్వర్. ఆయన చెప్పినవి వింటూ పెరిగాను కాబట్టి శారద గారి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పనే కళ్లముందు కనబడుతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి రాజేయాలి. పప్పు రుబ్బడం రాత్రే అయిపోవాలి. సర్వర్‌కు కాగితం, పెన్సిలు ఇచ్చేవారు కాదు. ఏ బల్ల దగ్గర ఎవరు ఏమి తిన్నారో బుర్రలో పెట్టుకుని, వాళ్లు చేయి కడుక్కుని వచ్చేలోపు మొత్తం కూడి గల్లాపెట్టె వైపు కేక వేయాలి. తేడా వస్తే జీతంలో కోత. మధ్యాహ్నం రెండు దాటాక జనం పలచబడితే బల్లల మీదే ఒక కునుకు. మళ్లీ సాయంత్రం కాఫీల వేళ. రాత్రి సినిమా వదిలాక వచ్చేవాళ్లు తిని వెళ్లేదాకా తలుపు వేసే ప్రశ్నే లేదు.

అయితే ఒక్కటి. సర్వర్ ఎదురుగా ఉన్నాడని ఎవరూ గొంతు తగ్గించరు. దళారులు బేరాలు మాట్లాడుకుంటారు, గుమాస్తాలు యజమానిని తిట్టుకుంటారు, అన్నదమ్ములు ఆస్తి పంపకాల మీద పోట్లాడుకుంటారు. మా నాన్నకు ఊళ్లో ఎవరి అప్పు ఎంతో తెలిసేది. యుద్ధం తర్వాత నల్లబజారు డబ్బుతో పైకొచ్చిన పట్టణపు మనుషులు 'మంచీ చెడూ'లో అంత నిక్కచ్చిగా ఎలా కనిపిస్తారని విమర్శకులు ఆశ్చర్యపోతుంటారు. నాకు ఆశ్చర్యం లేదు. వాళ్లకు కాఫీ తెచ్చి ఇచ్చింది ఆయనే కదా.

కందిచేను
రుబ్బురోలు గారి పోస్టు రెండుసార్లు చదివాను. వట్టికోట ఆళ్వారుస్వామి గారు గుర్తొచ్చారు. ఇళ్లల్లో వంట పని చేశారు, హోటల్లో సర్వర్‌గా చేశారు, ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేసి, తానే మోసుకెళ్లి అమ్మారు. జైలుకు వెళ్లి వచ్చి 'జైలు లోపల' కథలు రాశారు. 'ప్రజల మనిషి' నవల సరేసరి. ఆయన కలం పేరు పెట్టుకోలేదు. అయినా 'ప్రజల మనిషి' అనగానే మా వైపు ఆయన పేరే పలుకుతారు.

వానాకాలంచదువు
అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఈ "కష్టాలు పడి రాశాడు" అన్న వరుస నాకు మింగుడుపడదు. శారద పేరెత్తితే హోటల్ సర్వర్, మూర్ఛ రోగం, చిన్న వయసులో చావు. ఈ మూడు మాటలే ఎప్పుడూ. ఆయన నవల గురించి ఒక్క వాక్యం చెప్పమంటే చాలామంది నీళ్లు నములుతారు. కవి అలిశెట్టి ప్రభాకర్‌నూ అలాగే చేశాం. జగిత్యాల, ఫొటో స్టూడియో, క్షయ, 1993. నాలుగు పంక్తుల్లో అంత పదును ఎలా పట్టాడో మాట్లాడేవాళ్లు ఎంతమంది? జాలి చూపించి పుస్తకం పక్కన పెట్టేయడం సులువు.

చిత్తడినేల
వానాకాలంచదువు గారి కోపం న్యాయమైనదే. కానీ కష్టం గురించి అసలు మాట్లాడకూడదంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు రుబ్బురోలు గారు చెప్పింది జాలి కథ కాదు కదా. ఆ పని ఆ నవలలోకి ఎలా వచ్చిందో చూపించారు.

వానాకాలంచదువు
అవును, అలా చెబితే నాకు అభ్యంతరం లేదు. నేను అన్నది సంతాపసభ ఉపన్యాసాల గురించి.

రాత్రిడ్యూటీ
నేను నర్సుని. మూర్ఛ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నిద్ర చాలకపోవడం మూర్ఛను రేపే కారణాల్లో ముఖ్యమైనది. వేళకు తిండి లేకపోవడం, ఒంటికి మించిన అలసట దానికి తోడు. మందులు అప్పటికి లేవని కాదు. ఫినోబార్బిటాల్ ఉంది, ఫెనిటోయిన్ కూడా వచ్చింది. కానీ ఆ మందులు ఒక్క పూట తప్పకుండా ఏళ్ల తరబడి వేసుకోవాలి. మధ్యలో ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా వస్తాయి. రోజుకూలీ మీద బతికే మనిషికి, ఈ హోటల్ కాకపోతే ఆ హోటల్ అని తిరిగే మనిషికి అది ఎలా సాధ్యం? పగలంతా పని, రాత్రి రాత. అంటే ఆయన రాసిన ప్రతి పేజీకి నిద్రనే ఇచ్చారు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు నిద్ర అంటే ఏమిటో వార్డులో రోజూ చూస్తుంటాను. వానాకాలంచదువు గారూ, ఇది జాలితో చెప్పడం లేదు. ఆ పేజీల వెల ఎంతో తెలిసి చదవాలని చెబుతున్నాను.

వానాకాలంచదువు
ఈ కోణం ఎక్కడా చదవలేదు. కృతజ్ఞతలు.

పాతపేజీ
జీవితం వివరంగా కావాలనుకునేవారు ఆలూరి భుజంగరావు గారి 'సాహిత్య బాటసారి శారద' వెతకండి. ఆయనా అదే తెనాలి హోటళ్లలో పని చేసిన మనిషి, శారదకు ఆప్తమిత్రుడు. తర్వాత హిందీ నేర్చుకుని రాహుల్ సాంకృత్యాయన్ రచనలు తెలుగులోకి తెచ్చారు. ఇద్దరు హోటల్ కుర్రాళ్లు పని అయ్యాక కూర్చుని సాహిత్యం మాట్లాడుకున్నారంటే, ఆ ఊరి గాలిలో ఏముండేదో అనిపిస్తుంది.

నల్లకోటు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం కలం పేరుతో వచ్చిన రచనకు హక్కులు ప్రచురించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అయితే ఆ గడువు తీరకముందే రచయిత ఎవరో వెల్లడైతే లెక్క మారుతుంది, అప్పుడు రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. కాబట్టి మల్లెపందిరి గారూ, మీ అసలు పేరు అట్ట మీద వేయకండి, మీ ఇష్టం. కానీ ప్రచురణకర్తతో ఒప్పందం రాసుకునేటప్పుడు మాత్రం అసలు పేరు, కలం పేరు రెండూ రాయించండి. రేపు మీ పిల్లలు ఆ కథలు మా అమ్మవే అని రుజువు చేసుకోవాల్సిన అవస్థ రాకూడదు.

నటరాజన్ గారు 1955లో పోయారు. బతికుండగా అచ్చయిన రచనల హక్కులు 2015 చివరితో తీరిపోయాయి. ఇప్పుడు ఎవరైనా ముద్రించుకోవచ్చు. అడ్డంకి చట్టం కాదు, పూనిక.

మల్లెపందిరి
నల్లకోటు గారూ, ఇది నిజంగా పనికొచ్చే మాట. నాకు ఒక పత్రిక కలం పేరు మీద చెక్కు పంపితే బ్యాంకు వాళ్లు తీసుకోలేదు. సంపాదకుడికి ఫోను చేసి మళ్లీ రాయించుకునేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

జీతగాడు
ప్రభుత్వ ఉద్యోగులు కలం పేరు పెట్టుకుంటే ఏదైనా రాయవచ్చని మా ఆఫీసులో చాలామంది అనుకుంటారు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, 1964లో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ విధానాలను విమర్శించకూడదన్న నిబంధన సొంత పేరుకు, మారుపేరుకు, పేరు లేని రాతకు కూడా వర్తిస్తుంది. అచ్చంగా సాహిత్యమైన రచనకు మాత్రం ముందస్తు అనుమతి అక్కరలేదు. కథలో వచ్చే అధికారి సాహిత్యమా, విమర్శా అన్నది ఎవరు తేలుస్తారు? నేను ఈ భయంతోనే ఒక నవల సొరుగులో పెట్టి ఉంచాను. రిటైరయ్యాక తీస్తాను.

మూడోబెంచీ
జీతగాడు గారూ, రిటైర్మెంటు ఎప్పుడో చెబితే ఒక కాపీ ఇప్పుడే చెప్పుకుంటాను.

పాతపేజీ
ఉద్యోగం, కలం పేరు అంటే బీనాదేవి గుర్తుకు రావాలి. అది ఒక్కరి పేరు కాదు. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ, భార్యాభర్తలిద్దరిదీ. ఆయన న్యాయమూర్తిగా పనిచేశారు. 'పుణ్యభూమీ కళ్లు తెరు', 'హేంగ్ మీ క్విక్' చదివితే కోర్టు బోను ఎంత దగ్గర నుంచి కనబడుతుందో! 1990లో ఆయన పోయాక కూడా ఆవిడ అదే పేరుతో రాశారు. చిత్తడినేల గారూ, ఇప్పుడు చెప్పండి, బీనాదేవి ఏ బీరువా?

చిత్తడినేల
చిక్కు ప్రశ్నే. ఆ పుస్తకాన్ని మాత్రం ఆవిడ ఉన్న బీరువాలోనే ఉంచుతాను. భర్త పోయాక కూడా ఆ పేరును నిలబెట్టింది ఆవిడే.

గోదారిగట్టు
వింటానన్నాను కానీ ఉండలేకపోతున్నాను. రచయితలను ఆడ, మగ బీరువాలుగా విడదీయడం ఎందుకసలు? ఇంటిపేరో, కలం పేరో, అకారాది క్రమంలో సర్దితే ఈ గొడవే ఉండదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు మొదట్లో 'జాస్మిన్' అని, 'కాంతాకాంత' అని రాశారు. ఆ పేర్లతోనే స్థిరపడి ఉంటే 'ఆరు సారా కథలు' కూడా మన చిత్తడినేల గారి గ్రంథాలయంలో రచయిత్రుల బీరువాలోనే ఉండేవి!

రుబ్బురోలు
అకారాది క్రమం నాకు నచ్చింది. సర్దేవాళ్లకూ సులువు.

కందిచేను
ఏ పేరూ లేకుండా రాసినవాళ్ల మాటేమిటి? చందమామ సీరియళ్లు 'తోకచుక్క', 'రాకాసి లోయ', 'పాతాళదుర్గం' అని చెబితే ఇక్కడ సగం మందికి చిత్రా గారి బొమ్మలతో సహా గుర్తొస్తాయి. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల మీద ఎప్పుడైనా చూశారా? చందమామను దశాబ్దాలపాటు నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారి పేరూ సంపాదకుడిగా ఉండేది కాదు. లక్షలమంది పిల్లలకు చదవడం నేర్పినవాళ్లు. కలం పేరు పెట్టుకున్నవారికి కనీసం ఒక పేరుంది.

వానాకాలంచదువు
ఇది మరీ బాధ కలిగించే విషయం. నేను 'పాతాళదుర్గం' కోసం పోస్టుమాన్ వెంట పరుగెత్తినవాడిని. రాసింది ఎవరో పెద్దయ్యాక గానీ తెలియలేదు.

మూడోబెంచీ
సరే, శారదను ఇంతవరకు చదవని నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? నవలా, కథలా?

పాతపేజీ
కథలతో మొదలుపెట్టండి. 'రక్తస్పర్శ' సంపుటి. తర్వాత 'మంచీ చెడూ'. 'అపస్వరాలు' చివరికి ఉంచుకోండి.

చిత్తడినేల
నేనైతే ముందు 'మంచీ చెడూ' అంటాను. చేతికి తీసుకుంటే కింద పెట్టనివ్వదు. మూడోబెంచీ గారూ, మీరు ఏ ఊళ్లో ఉంటారో వ్యక్తిగత సందేశంలో చెప్పండి. నా దగ్గర రెండు ప్రతులున్నాయి, ఒకటి పంపిస్తాను.

మూడోబెంచీ
పంపాను, చూడండి. చదివి వచ్చి ఇక్కడే రాస్తాను. రుబ్బురోలు గారిని ఆ హోటలు బేరాల గురించి అడగాల్సినవి చాలా ఉండేలా ఉన్నాయి.

రుబ్బురోలు
అడగండి. నాన్న ఇంకా ఉన్నారు, ఆయననే అడిగి చెబుతాను.